బండి ముక్కెత్తిన వేసవి

మా బండి ఎప్పుడూ నేలచూపులు చూసేది. వెనక భాగం పైకి లేచి, ముక్కు కిందికి వంగి, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్న మనిషిలా ఉండేది. పికప్ బండ్లన్నీ అంతేనట. బరువు వేస్తే వెనక దిగి సమానమవుతుందని కంపెనీవాళ్లే అలా చేస్తారట. ఈ సంగతి మా ఆయన చెప్పినప్పుడు, మరి బరువు వెయ్యనివాళ్ల మాటేమిటండీ అని అడిగాను.

"బరువు వెయ్యనివాళ్లు పికప్ ఎందుకు కొంటారే పిచ్చిదానా!" అన్నాడు.

మేం కొన్నాం. ఆ వేసవిలో మాకు తగిలిన ఒకే ఒక్క బేరం బరువు లేనిది. కేకులు.

పెద్ద వీధి చివర బేకరీ ఉంది. దాన్ని నడిపే ఆవిణ్ని అందరూ కేకుల అక్క అనేవాళ్లు. మనిషి చూస్తే పిడికెడు, గొంతు చూస్తే మైకు. అంతస్తులంతస్తులుగా కేకులు కట్టి ఫంక్షన్ హాళ్లకి పంపుతుంది. వేసవి మొదలైతే ఆవిడకి ఊపిరి సలపదు. పాత బండివాడు మానేశాడని తెలిసి మా ఆయన వెళ్లి అడిగాడు. పరీక్షకని ఒక చిన్న కేకు ఇచ్చి, అలా ఒక చుట్టు తిప్పి తీసుకురమ్మంది. బేకరీ గేటు దగ్గర సిమెంటు గట్టు ఒకటుంది. ఎక్కేటప్పుడు మా బండి ముక్కు దానికి గర్రున రాసుకుంది. ఆ కుదుపుకి, అసలే ముందుకి వాలిన బండిలో, కేకు జర్రున జారి వెనక తొట్టి ముందుగోడకి ముద్దు పెట్టింది.

కేకుల అక్క తలుపు తీసి చూసి తిట్టలేదట. నడుం మీద చేతులు పెట్టుకుని, "తమ్ముడూ, నా కేకు తనే డ్రైవింగ్ చేద్దామని ముందుకి వచ్చినట్టుంది" అందట. తరవాత, "బండి ముక్కు సరిచేయించుకుని రా. ఈ శనివారం పెద్ద కేకు ఉంది. అది చెదరకుండా చేరిందా, సీజనంతా నీదే. చెదిరిందా, నీ దారి నీది, నా దారి నాది" అంది.

మా ఆయన ఇది నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పటికే లారీల షావుకారు రెండుసార్లు కబురు పెట్టి ఉన్నాడు. దూరాల లారీకి డ్రైవరు కావాలి. ఒకసారి బండెక్కితే నెల తిరిగితే గానీ మళ్లీ ఇంటి మొహం చూడటం ఉండదు. ఆదివారం తెల్లవారుజామున లోడు, ఈలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. కేకుల పని కుదిరితే మా ఆయన సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. కుదరకపోతే లారీ ఎక్కుతాడు. మధ్యేమార్గం లేదు.

నా సంగతి మీకు చెప్పాలి. నేను చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేదాన్ని. తొమ్మిదో తరగతిలో నా బడి ఆగిపోయింది గానీ, భయపడటంలో మాత్రం పెద్ద చదువే చదివాను. మా బుడ్డిదానికి అప్పటికి ఏడాది నిండలేదు. పాకడం కొత్తగా వచ్చింది. అది తుమ్మితే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. మా ఆయన ఇంట్లో ఉంటే ఆ భయంలో సగం ఆయన మోసేవాడు. "ఇటు ఇవ్వు, నేను చూస్తాలే" అనేవాడు అంతే, నాకు నిద్ర పట్టేది. ఆయన లేకుండా నెలల తరబడి ఎలా అని తలుచుకుంటేనే అరికాళ్లు చల్లబడేవి.

* * *

మా మామయ్య తాపీ మేస్త్రి. మోకాళ్లు మొరాయించాక పని మానేశారు గానీ, చూపు మాత్రం మానలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు గోడకేసి చూసి, ఒక కన్ను మూసి, "వేలెడు వంకర" అనేవారు. అందుకే మమ్మల్ని ఎవరూ గృహప్రవేశాలకి పిలిచేవాళ్లు కాదని మా అత్తయ్య అనేది.

బండి సంగతి విన్నాక అత్తయ్య తేల్చేసింది. "ఇంతోటిదానికి ఇంత గొడవెందుకు? కేకు పెట్టే బల్ల కింద ముందువైపు ఒక చెక్కముక్క దోపండి. సమానమవుతుంది."

"చెక్కముక్క దోపేవాణ్ని మేస్త్రి అనరు" అన్నారు మామయ్య. "మరి గేటు గట్టుకి రాసుకునే ముక్కు కింద కూడా చెక్కముక్కే పెడతావా?"

"మీ నోటి కింద పెడతాను, కాసేపు మూతపడుతుంది."

మా ఆయన నట్టు బాబాయ్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన మా వీధి మెకానిక్. చొక్కా జేబులో ఎప్పుడూ నట్లు గలగలలాడుతుంటాయి, అందుకని ఆ పేరు. ఆయన బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, దీనికి లెవెలింగ్ కిట్టు అని ఉంటుంది, ముందు స్ప్రింగుల నెత్తిన ఇనప దిమ్మలు పెట్టి బిగిస్తే ముక్కు లేస్తుంది అన్నాడు. సన్న దిమ్మల జత ఒకటి, మందం దిమ్మల జత ఒకటి రెండూ తెస్తాను, ఏది సరిపోతే అది వేసి రెండోది కొట్టువాడికి తిరిగి ఇచ్చేద్దాం అన్నాడు.

"ఏది సరిపోతుందో ఎలా తెలుస్తుంది?" అన్నారు మామయ్య.

"టేపు పెట్టడమే అన్నా. ముందు చక్రం దగ్గర నేల నుంచి మడ్‌గార్డు దాకా కొలుస్తాం, వెనకా అలాగే కొలుస్తాం. తేడా ఎంతో అంత దిమ్మ."

మామయ్య కుర్చీలోంచి లేచారు. చాలా రోజులకి ఆయన అంత గబుక్కున లేవడం నేను చూశాను. "టేపు సాగుతుంది, దారం సాగుతుంది, మనిషి మాటా సాగుతుంది. సాగనిది ఒక్క రసమట్టమే" అని లోపలికి వెళ్లి, పాత గోనెసంచిలోంచి తన రసమట్టం తీసుకొచ్చారు. చెక్కలో బిగించిన గాజుగొట్టం, దాంట్లో ఒక చిన్న బుడగ. బుడగ నడిమధ్యన నిలిస్తే కింద ఉన్నది సమానం, పక్కకి జరిగితే వంకర. దానితోనే ఆయన ఊళ్లో సగం ఇళ్లు కట్టారు. మా ఇల్లు, వాకిట్లో గచ్చు కూడా ఆయన చేతి పనే.

నట్టు బాబాయ్ ఉంటున్న ఇల్లు కూడా మామయ్య కట్టిందే. ఆయనేమంటాడు! టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బండిని గేటులోంచి తిన్నగా గచ్చు మీదికి తెచ్చి నిలిపారు. వెనక తొట్టిలో పొడుగాటి బద్ద పరిచి, దాని మీద రసమట్టం పెట్టి మామయ్య ఒక కన్ను మూశారు. బుడగ బాగా వెనక్కి పోయి కూర్చుంది.

"సన్నది చాలదు" అని తీర్పు ఇచ్చారు. "మందందే వెయ్యండి."

నట్టు బాబాయ్ తల గోక్కున్నాడు. "ఇంత వంగి ఉంటుందని అనుకోలేదే" అన్నాడు.

"నువ్వు కంటితో చూశావు, ఇది బుడగతో చూసింది" అన్నారు మామయ్య.

* * *

ఆ పని చేసిన రోజు మా ఇల్లు పెళ్లిల్లులా ఉంది. అత్తయ్య టీ మీద టీ పెట్టింది. నేను బుడ్డిదాన్ని చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడి, చూడలేకా, చూడకుండా ఉండలేకా చచ్చాను.

ముందు చక్రాల నట్లు కొంచెం వదులు చేశారు. తరవాత జాకీతో ముందుభాగం లేపారు. లేచిన బండి కింద ఇనప స్టాండ్లు పెట్టారు. నా కంటికి అవి ఆనలేదు.

"వాటి పక్కన ఇటుకలు కూడా పెట్టండి" అన్నాను.

"స్టాండ్లు ఏనుగుని మోస్తాయమ్మా" అన్నాడు నట్టు బాబాయ్.

"ఏనుగు కింద మా ఆయన పడుకోడు కదా బాబాయ్!"

ఇటుకలు పెట్టారు. విప్పిన చక్రాలు కూడా బండి కిందికే దొర్లించారు, జాకీ జారినా చక్రం మీద ఆగుతుందని. అప్పుడు గానీ నా గుండె కాస్త కుదురుకోలేదు.

బ్రేకు పైపు లాగినట్టవకుండా దాన్ని తాడుతో పైకి కట్టారు. కింద బోల్టు తీశారు. పైన బానెట్ ఎత్తి, స్ప్రింగు కట్ట నెత్తిన ఉన్న మూడు నట్లు విప్పారు. వాటి మధ్యన ఇంకో లావు నట్టు ఉంది. దాన్ని చూపించి నట్టు బాబాయ్ మా ఆయనతో, "దీని జోలికి మాత్రం పోకు. కింద స్ప్రింగు పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. ఇది వదిలితే మొహం పగిలిపోతుంది" అన్నాడు.

ఆ మాట నేను వినకుండా ఉంటే బాగుండేది. ఇక అక్కణ్నుంచి ఆ మధ్యనట్టుకి నేనే కాపలా. ఎవరి చెయ్యి పానా పట్టుకుని అటు వెళ్లినా, "అది కాదు, అది కాదు!" అని అరిచేదాన్ని. చివరికి మామయ్య ముగ్గుపిండి తెచ్చి దాని మీద చల్లి, "ఇదిగో తల్లీ, బొట్టు పెట్టాను. ఇక దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు" అన్నారు.

స్ప్రింగు కట్ట బయటికొచ్చింది. చూడ్డానికి ముద్దుగా ఉంది, నల్లగా, బలంగా, మా బుడ్డిదాని ఎత్తున. దాని నెత్తిన మందం దిమ్మ కిరీటంలా పెట్టి బిగించారు. తిరిగి లోపలికి ఎక్కించడం మాత్రం గగనమైంది. దిమ్మ మందం వల్ల కట్ట పొడుగైంది, కింద బోల్టు కన్నం కలవదు. గడ్డపార దూర్చి కింది చట్రాన్ని నొక్కాలి. మా ఆయన ఒక్కడి బలం చాలలేదు. మామయ్య మోకాళ్ల సంగతి మరిచిపోయి గడ్డపార మీద పడ్డారు. తండ్రీ కొడుకూ ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని మూలుగుతుంటే నట్టు బాబాయ్ టక్కున బోల్టు దోపేశాడు.

"పడింది!"

ముగ్గురూ నేల మీదే కూలబడి నవ్వారు. అత్తయ్య నా చెవిలో, "మీ మామయ్య ఇలా చెమట పట్టి ఎన్నాళ్లయిందో" అంది. పైకి మాత్రం, "గచ్చంతా గ్రీజు చేశారు, ఎవడు కడుగుతాడు?" అని గద్దించింది.

రెండో వైపు కూడా అయ్యాక చక్రాలు బిగించి, బండి దించి, ముందుకీ వెనక్కీ కాస్త కదిపి మళ్లీ అక్కడే నిలిపారు. మామయ్య బద్ద పరిచి రసమట్టం పెట్టారు. బుడగ నడిమధ్యన, పళ్లెంలో ముత్యంలా నిలిచింది. మామయ్య అందరినీ వరసగా పిలిచి చూపించారు. బుడ్డిదానికి కూడా చూపించారు. అది గాజుగొట్టాన్ని నాకబోయింది.

* * *

మర్నాడు మా ఆయన బండి తీసి వీధిలోకి వెళ్లాడు. చక్రాల వరస, అదే అలైన్‌మెంటు, సరిచేయించుకుని, అటునుంచి బేకరీకి వెళ్లి కేకుల అక్కకి చూపించి వస్తానన్నాడు. వెళ్లేటప్పుడు ఈల వేశాడు. వచ్చేటప్పుడు వెయ్యలేదు.

"ఏమైంది?"

"ముక్కు ఆకాశంలో ఉంది" అన్నాడు. "దారిలో ప్రతివాడూ, ఏంటి బాబూ, బండి చుక్కలు లెక్కపెడుతోందా అని అడిగేవాడే. నిన్నటి కేకు ఒకటి పెట్టి చూసింది అక్క. ఈసారి వెనక్కి జారింది."

"గేటు గట్టు?" అన్నారు మామయ్య.

"గట్టుకి రాసుకోలేదు. అదొక్కటే బాగుంది."

మామయ్య నమ్మలేదు. బండిని మళ్లీ గచ్చు మీదికి తెప్పించారు. మళ్లీ బద్ద, మళ్లీ రసమట్టం. బుడగ నడిమధ్యన కదలకుండా నిలిచి ఉంది.

"చూశారా! బండి సమానంగానే ఉంది. మీ రోడ్లే వంకర" అన్నారు. "ఈ ఊళ్లో రోడ్లు వేసినవాళ్లలో ఒక్కడికైనా మట్టం అంటే తెలుసా?"

"ఊళ్లో రోడ్లన్నీనా నాన్నా?"

"అన్నీనూ!"

అత్తయ్య గుమ్మంలోంచే అందుకుంది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన బండి ఇంట్లోనే గెలిచింది."

నట్టు బాబాయ్ వచ్చాడు. దిమ్మల్లో లోపం ఉందేమో అన్నాడు. మా ఆయన వెనక స్ప్రింగులు కుంగాయేమో అన్నాడు. మామయ్య బేకరీవాళ్ల గేటే కొలవాలన్నారు. మాట మీద మాట పెరిగింది. ఆడలేక మద్దెల ఓడంటున్నావని మామయ్య అన్నారు, ఎవరు ఆడలేకపోయారో అందరికీ తెలుస్తూనే ఉందని మా ఆయన అన్నాడు. అంతటితో ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. మా ఆయన నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "నీలం చొక్కాలు రెండూ ఉతికి పెట్టు. షావుకారుకి వస్తానని చెప్పేస్తాను" అన్నాడు.

నేను తలూపాను. బుడ్డిదాన్ని గచ్చు మీద దించి చొక్కాలు తేవడానికి లేచాను.

బుడ్డిదాని చేతిలో పాలసీసా ఉంది. ఎప్పటిలాగే విసిరింది. అది బండి వెనక చక్రం దగ్గర పడింది. నేను ఎప్పటిలాగే పరిగెత్తాను, బండి ముందువైపుకి, ప్రహరీ మూలకి, తూము దగ్గరికి. అక్కడ గొంతుక్కూర్చుని చెయ్యి చాచాను. సీసా బండి కిందినుంచి దొర్లుకుంటూ దొర్లుకుంటూ వచ్చి నా చేతిలో పడింది. తూములో పడితే ఇక కాలవపాలే.

తల ఎత్తి చూస్తే నట్టు బాబాయ్ నాకేసే చూస్తున్నాడు.

"ఏమ్మా, సీసా అక్కడ పడితే నువ్వు ఇక్కడికి పరిగెత్తావేం?"

"ఎక్కడ పడినా ఇక్కడికే వస్తుంది బాబాయ్" అన్నాను. "బంతయినా, నిమ్మకాయయినా, గచ్చు మీద ఏది పడేసినా ఈ తూము దగ్గరికే. ఇది పాకడం మొదలెట్టినప్పట్నుంచీ నాకు ఇదే పని."

ముగ్గురూ తూము వైపే చూశారు. నేనేదో తప్పు మాట అన్నానేమోనని భయమేసింది. సీసా కొంగుతో తుడుచుకుంటూ నిలబడ్డాను.

మామయ్య మెల్లగా వచ్చి, నా చేతిలోంచి సీసా తీసుకుని, గేటు దగ్గరికి వెళ్లి గచ్చు మీద పడుకోబెట్టి వదిలారు. అది కాసేపు ఆలోచించుకుని, బండి కిందినుంచి, తిన్నగా తూము వైపు బయల్దేరింది. ఆయన దాని వెంటే నడిచారు. సగం దూరంలో ఆగిపోయి, నుదురు కొట్టుకున్నారు.

"వాలు!" అన్నారు. "వీధి మెరక, ఇల్లు పల్లం. వానొస్తే నీళ్లు గుమ్మంలోకి రాకుండా వెనక కాలవలోకి పోవాలని గచ్చుకి నేనే వాలు పెట్టాను. ఈ చేతులతో నేనే పెట్టాను!"

"అంటే ముక్కు పల్లంలో పెట్టి మట్టం చూశామా?" అన్నాడు మా ఆయన.

"పల్లంలో పెట్టి ఎత్తు చేశాం. పల్లంలో ఉన్నంతసేపూ సమానమే. వీధిలోకెళితే ఆకాశమే" అన్నాడు నట్టు బాబాయ్, అప్పటికే టేపు తీస్తూ.

నేను మామయ్య మొహం చూశాను. కోప్పడతారనుకున్నాను. ఆయన భుజాలు కదిలాయి. ముందు చప్పుడు లేదు. తరవాత పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన అంత నవ్వు నవ్వడం అదే మొదలు. అత్తయ్య కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

"చూశావా, ఎన్నేళ్లయింది!" అన్నారు ఆవిడతో, నవ్వు మధ్యలో. "ఎన్ని వానలు కురిశాయి! ఒక్క చుక్క నిలిచిందా? అది వాలు అని నాకే తెలియనంత నున్నగా వేశాను!"

"తప్పు చేసి కూడా తనని తానే మెచ్చుకోవడమా!" అంది అత్తయ్య. ఆవిడా నవ్వుతూనే ఉంది.

టేపు పెడితే సన్న దిమ్మ సరిగ్గా సరిపోయింది. మళ్లీ జాకీ, మళ్లీ స్టాండ్లు, ఈసారి నేను చెప్పకుండానే ఇటుకలు. మళ్లీ గడ్డపార. తండ్రీ కొడుకుల మధ్య కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. రెండో వైపు బిగించేటప్పటికి "ఒరేయ్, మెల్లిగా లాగరా, నా వేలురా అది" అని ఒకరూ, "వేలు అక్కడెందుకు పెట్టావు నాన్నా" అని ఒకరూ మాట్లాడుకుంటున్నారు. బండిని వీధిలోకి తోలి, చదునుగా ఉన్న చోట మామయ్య రసమట్టం పెట్టారు. అంతకుముందు ఆ చోటు కూడా సమానమో కాదో చూడాలని రోడ్డు మీద బోర్లా పడుకున్నారు. వచ్చేపోయేవాళ్లు, ఏమైంది మేస్త్రీ, కళ్లు తిరిగాయా అని ఆగారు. లైట్ల స్క్రూ తిప్పి వెలుగు కిందికి దించడం, చక్రాల వరస మళ్లీ చూడటం, అన్నీ పూర్తయ్యేసరికి శనివారం రానే వచ్చింది.

* * *

ఆ కేకుని నేను మరిచిపోలేను. తెల్లగా, అంతస్తు మీద అంతస్తుగా, పై అంతస్తు మా ఆయన భుజం దాటి ఉంది. చుట్టూ చక్కెరతో చేసిన పూలు. కేకుల అక్క ఒక షరతు పెట్టింది. తొట్టిలో కేకు పక్కన ఒక మనిషి కూర్చోవాలి, కానీ ముట్టుకోకూడదు.

"ముట్టుకోకపోతే కూర్చోవడం దేనికమ్మా?" అన్నారు మామయ్య.

"మీరు కూర్చుంటే మీ అబ్బాయి మెల్లిగా తోలతాడని" అంది ఆవిడ.

మామయ్య తొట్టిలో ఎక్కారు. మా ఆయన డ్రైవింగ్. పక్కన నేను, ఒళ్లో బుడ్డిది. నన్ను ఎందుకు తీసుకెళ్లాడంటే, వెనక అద్దంలోంచి కేకుని చూస్తూ ఉండాలి, ఏమాత్రం కదిలినా చెప్పాలి. "కీడు ముందుగా కనిపెట్టడంలో నిన్ను మించినవాళ్లు లేరు" అన్నాడు. పొగిడాడో వెక్కిరించాడో గానీ వెళ్లాను. అక్క తన స్కూటరు మీద ముందే హాలుకి వెళ్లిపోయింది.

గేటు గట్టు దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. చక్రాలు ఎక్కాయి, దిగాయి. గర్రుమన్న చప్పుడు లేదు. కళ్లు తెరిచి వెనక్కి చూశాను. పూలు పూలలాగే ఉన్నాయి. మామయ్య కాళ్లు ముడుచుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఫోటో తీయించుకుంటున్న మనిషిలా బిగుసుకుని కూర్చున్నారు.

సగం దారిలో మా ఆయన ఫోను మోగింది. "ఎవరో చూడు" అన్నాడు. చూశాను. కొత్తవాళ్లతో ఫోనులో మాట్లాడమంటే నాకు నోరెండిపోతుంది. అయినా ఎత్తాను.

"అబ్బాయిని పిలవమ్మా" అన్నాడు లారీల షావుకారు.

"బండి నడుపుతున్నారండీ."

"రేపు తెల్లారేసరికి లోడు. వస్తున్నాడా, లేదా? నేను ఇంకొకణ్ని చూసుకోవాలి."

వెనక అద్దంలోంచి చూశాను. హాలు ఇంకా చాలా దూరం ఉంది. దారిలో గుంతలున్నాయి, మలుపులున్నాయి, ఒక పాత వంతెన ఉంది. కేకుల అక్క ఇంకా ఏ మాటా ఇవ్వలేదు.

"రారండీ" అన్నాను.

"కనుక్కుని చెప్పమ్మా."

"కనుక్కునే చెబుతున్నానండీ."

ఫోను పెట్టేశాక ఒళ్లో బుడ్డిదాన్ని గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, "ఎవరే?" అన్నాడు.

"లారీల షావుకారు."

"ఏమన్నావు?"

"రారన్నాను."

ఎదురుగా గుంత వచ్చింది. గేరు తగ్గించి, ఒక్కో చక్రాన్నీ చంటిపిల్లని నీళ్లలో దించినట్టు దించి, ఎక్కించాడు.

"కేకు ఇంకా చేరలేదే!" అన్నాడు.

"చూస్తున్నాగా. కదల్లేదు."

"నాకు లేని ధైర్యం నీకు ఎక్కణ్నుంచి వచ్చింది?"

"ధైర్యం కాదండీ, భయం."

"దేనికి?"

"మీరు వెళ్లిపోతారని."

బుడ్డిది స్టీరింగు మీదికి చెయ్యి చాచింది. ఆయన ఆ చేతి మీద ఒకసారి తన చెయ్యి వేసి తీశాడు. అంతే. వంతెన మీదికి వచ్చాం. నేను మళ్లీ వెనక్కి తిరిగి కూర్చున్నాను.

హాలు దగ్గర కేకుల అక్క తొట్టి వెనక తలుపు తీసింది. అటు వంగి చూసింది, ఇటు వంగి చూసింది. ఒక చక్కెర పువ్వుకి వేలు దాకా తీసుకెళ్లి ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంది. మామయ్య దిగబోయి దిగలేకపోయారు. కాళ్లు చాపితే కేకుకి తగులుతాయేమోనని దారి పొడుగునా ముడుచుకునే కూర్చున్నారట, మోకాళ్లు రెండూ పట్టేశాయి. మా ఆయన ఆయన్ని బస్తాలా ఎత్తి దించాల్సి వచ్చింది.

"సోమవారం పొద్దున రెండున్నాయి" అంది అక్క, ఇంకా కేకునే చూస్తూ. "రాగలవా తమ్ముడూ?"

"రెండేనా?" అన్నారు మామయ్య, కొడుకు భుజం మీద వేళ్లాడుతూ. "మా బండి సమానంగా ఉందమ్మా. నాలుగు కట్టుకో!"

అక్క మైకు గొంతుతో నవ్వింది. హాల్లోంచి ఎవరో తొంగి చూశారు. నేను బుడ్డిదాన్ని భుజం మార్చుకుంటూ, ఎందుకో తెలియకుండా, బండి ముందు బంపరు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎండకి అది వెచ్చగా ఉంది.

సోమవారం రెండు వెళ్లాయి. తరవాత రోజుకి ఎన్ని వెళ్లాయో నేను లెక్కపెట్టడం మానేశాను. మామయ్య ప్రతిదానికీ వెళ్తానని పట్టుబడితే, అత్తయ్య మెత్తటి దిండు ఒకటి కుట్టి తొట్టిలో వేసింది. సాయంత్రమయ్యేసరికి మా ఆయన గేటు తీసుకుని లోపలికొచ్చి, "ఇటు ఇవ్వు" అని బుడ్డిదాన్ని అందుకునేవాడు. నేను స్నానానికి వెళ్లేదాన్ని, నిదానంగా, తలుపు గడియ పెట్టుకుని.

ఆ వేసవంతా ఆయన చొక్కాలకి వెన్న వాసన పట్టేసింది. ఎంత ఉతికినా పోయేది కాదు. నేను అంత గట్టిగా ఉతికిందీ లేదు.